మూఢంలో ఎక్కించని డ్రైవర్

జక్రయ్య చావుని ప్రమాదమని రాసుకుని పోలీసులు ఫైలు మూసేశారు. ఒంగోలు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా పైపు పగిలింది, ఆపరేటర్ పోయాడు, అంతే. అతను పడి ఉన్న గదిలో కంప్యూటర్ స్క్రీన్ నిండా నీలం పరుచుకుని ఉందన్న సంగతి మాత్రం గూఢచారి విభాగం చీఫ్ శ్యామ్ సుందర్‌కి మింగుడుపడలేదు.

"అది రిహార్సల్ ప్రసన్నా," అన్నాడు చీఫ్ ఫోన్లో. "గ్యాస్ సెన్సర్ కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్, కొత్త డ్రైవర్ అని చెప్పి ఒక విదేశీ ముఠా విషం పంచింది. ఈ మధ్యాహ్నం రెండింటికి గుంటూరు చుట్టుపక్కల స్టోరేజీలన్నిట్లో ఒకేసారి బ్లూ స్క్రీన్ వచ్చి కంప్యూటర్లు పడిపోతాయి. ఫ్యాన్లు ఆగుతాయి, ప్రెషర్ పెరుగుతుంది, అలారం మోగదు. మన మిర్చి ఎగుమతి కుదేలైపోతుంది."

"ఆ డ్రైవర్ తీసేస్తే?"

"సెన్సర్ గుడ్డిదవుతుంది. మంచి డ్రైవర్ కావాలి. కంపెనీ సర్వర్‌లో పాతది చెరిపేశారు. మన తరఫున ముఠాలో చేరిన ఆరాధన ఒక కాపీ సంపాదించింది. నిన్ను గుంటూరు స్టోరేజీలో కలుస్తుంది. నువ్వు చూసి సరేనంటే అన్నిచోట్లా మనవాళ్ళు అదే ఎక్కిస్తారు."

"షెడ్లో ఆడవాళ్ళుంటారు సార్. ముందు ఖాళీ చేయిస్తాను."

"వద్దు. జనం కదిలినా, ప్లాంట్ ఆగినా వాళ్ళకి తెలిసిపోతుంది. రెండింటి దాకా ఆగరు, వెంటనే మీట నొక్కేస్తారు."

ఏజెంట్ ప్రసన్నకుమార్ ఫోన్ పెట్టేసి పనిముట్లు సర్దుకున్నాడు. తల్లి పోయాక అతన్ని పెంచిన పిన్ని అంకమ్మ ఆ షెడ్లోనే మిరపకాయల తొడిమలు తీస్తుంది. అబ్బాయికి విశాఖలో కంప్యూటర్ ఉద్యోగమని ఆవిడ చర్చిలో అందరికీ చెప్పుకుంటుంది.

మే నెల ఎండ మాడు పగలగొడుతోంది. ప్రింటర్లు బాగుచేసేవాడి వేషంలో, పెట్టుడు మీసంతో, చేతిలో క్యారేజీతో ప్రసన్నకుమార్ స్టోరేజీలో అడుగుపెట్టాడు. క్యారేజీ పై గిన్నెలో పనిముట్లు. కింది గిన్నెలో సెల్ సిగ్నల్‌ని చంపేసే జామర్.

షెడ్డు గుమ్మం దగ్గరే, ముక్కుకి గుడ్డ కట్టుకుని, కాయల రాశి ముందు కూర్చునుంది అంకమ్మ. తలెత్తి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఎవరయ్యా నువ్వు?"

"ప్రింటర్ రిపేరమ్మా."

"ఎండనపడి వచ్చావు. మంచినీళ్ళు తాగి పో."

ఆవిడ సీసాలో నీళ్ళే తాగాడు. పోల్చుకోలేదని ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే తనమీద తనకే అసహ్యం వేసింది. ఇంటికి పో పిన్నీ అన్న మాట గొంతు దాకా వచ్చింది, నీళ్ళతో పాటు మింగేశాడు.

కంట్రోల్ రూంలో ఆరాధన ఎదురుచూస్తోంది. నల్ల కళ్ళద్దాలు, మెడలో సర్వీస్ ఇంజనీర్ కార్డు. మిర్చి ఘాటుని కూడా తోసిపారేసే సెంటు.

"తాలుకాయ దొరుకుతుందా?" అన్నాడు ప్రసన్నకుమార్.

"మా దగ్గర తేజ రకం మిర్చి తప్ప ఉండదండీ," అంది. కోడ్ సరిపోయింది.

ఇంకా రెండు కాలేదు, అయినా చూస్తుండగానే స్క్రీన్ నీలమైంది. రీస్టార్ట్ అయింది. మళ్ళీ నీలం. ప్రసన్నకుమార్ సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి క్రాష్ ఫైలు తెరిచాడు. దొంగ దొరికాడు: సెన్సర్ కార్డు డ్రైవర్. పాత డ్రైవర్‌కి వెనక్కి వెళ్ళే బటన్ వెలిసిపోయి ఉంది. నొక్కినా నొక్కుడు పడలేదు.

ఆరాధన పెన్ డ్రైవ్ అందించింది. "ఎక్కించు. చీఫ్‌కి సరేనని చెప్పు. ఇక్కడ ముందే మొదలైంది, టైం లేదు."

అద్దం తలుపు అవతల మేనేజర్ యలమందయ్య గదిలో కంప్యూటర్ నిక్షేపంలా నడుస్తోంది. చాంబర్ల ఉష్ణోగ్రతలు వరసగా కనిపిస్తున్నాయి.

"అదెందుకు పడిపోలేదు?"

"అది పాతది. వదిలెయ్," అంది ఆరాధన, కాస్త గబగబా.

ప్రసన్నకుమార్ వదల్లేదు. పెన్ డ్రైవ్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు.

"రెండింటికీ అదే కార్డండీ," అన్నాడు యలమందయ్య. "పెద్దదాంట్లో నేను భోజనానికెళ్ళినప్పుడు కంపెనీవాళ్ళు కొత్త డ్రైవర్ ఎక్కించేశారు. నా బల్ల మీదదాన్ని మాత్రం చెయ్యి వెయ్యనివ్వలా. శుక్ర మూఢం కదా! మూఢంలో కొత్త కోడల్నే గడప దాటనివ్వం, కొత్త డ్రైవర్ని ఎక్కిస్తామా?"

ప్రసన్నకుమార్ రెండు ఫైళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశాడు. పేరొకటే. యలమందయ్య దగ్గరున్నది ఏళ్ళనాటిది. పెన్ డ్రైవ్‌లోది జక్రయ్య పోయిన మర్నాడు తయారైంది.

వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఆరాధన.

"మీ చేత్తోనే ఎక్కించుకునుంటే తప్పు మీదయ్యేది," అంది నింపాదిగా. "కుదరలేదు. పోనీలే, ఇప్పుడే నొక్కేస్తా."

ఫోన్ నొక్కింది. సిగ్నల్ లేదు, జామర్ ఎప్పట్నుంచో నడుస్తోంది. క్యారేజీ వంక ఒక్క చూపు చూసి, బయటికి పరుగెత్తింది.

అతను లేస్తే టైం పోతుంది. "పిన్నీ! దాన్ని పట్టుకో!" అని అరిచాడు.

అంకమ్మ ఎవరని అడగలేదు, ఎందుకని అడగలేదు. ఆరాధన జడ దొరకబుచ్చుకుని కాయల రాశిలో కూలేసింది. ఇంకో నలుగురు మీద కూర్చున్నారు.

ప్రసన్నకుమార్ జామర్ ఆపాడు. రెండు కావస్తోంది. మంచి డ్రైవర్‌ని ముందు ఇక్కడ ఎక్కిస్తే పిన్ని బతుకుతుంది. ముందు చీఫ్‌కి పంపితే మిగతా షెడ్లన్నీ బతుకుతాయి. చీఫ్‌కే పంపాడు. ఫైలు నత్తనడక నడుస్తోంది. ప్లాంట్ రూంలోంచి అమ్మోనియా ఘాటు మొదలైంది.

"బయటికి పోండి! పిన్నీ, బయటికి పో!"

"వాళ్ళు పోతారు. నువ్వు లోపలుంటే నేనెందుకు పోతాను?"

ఫైలు వెళ్ళింది. పెద్ద కంప్యూటర్ ముందుకి ఉరికాడు.

"మూఢంలో వద్దండీ!" అంటూ యలమందయ్య అడ్డొచ్చాడు.

"ఇది మీ పాతదేనండీ!"

"పాతదైతే ఫర్వాలేదు," అని తప్పుకున్నాడు.

ఇన్‌స్టాల్. రీస్టార్ట్. స్క్రీన్ ఒక్కసారి నీలంగా మెరిసింది. ప్రసన్నకుమార్ కళ్ళు మూసుకున్నాడు. పైన ఫ్యాన్లు బరువుగా మూలిగి, తిరగడం మొదలుపెట్టాయి. అలారం మోగింది. వాల్వు ధడేలున మూసుకుంది. గోడ గడియారంలో సరిగ్గా రెండు.

"అన్నీ నిలబడ్డాయి," అన్నాడు చీఫ్ ఫోన్లో. అతని గొంతులో సంతోషం లేదు. ఆరాధన అతని శిష్యురాలే.

తుమ్ముతున్న ఆరాధనని జీపెక్కించారు. ప్రసన్నకుమార్ పిన్ని ముందు నిలబడ్డాడు. కళ్ళు కారుతున్నాయి, అమ్మోనియా వల్లనే అనుకోవడానికి లేదు.

"నన్ను ఎప్పుడు పోల్చావు?"

"గుమ్మంలోనే. మీసం పెడితే నడక మారుద్దా? నువ్వు చెప్పలేదంటే చెప్పకూడనిదేలే అని ఊరుకున్నా."

ఇన్నేళ్ళ శిక్షణలో అతనికి ఎవరూ నేర్పని విద్య అది. అంకమ్మ కొంగుతో అతని మొహం తుడిచి, తిన్నాడో లేదో చూద్దామని క్యారేజీ విప్పింది. పై గిన్నెలో స్క్రూడ్రైవర్లు. కింది గిన్నెలో వైర్లు.

"రెండు దాటింది, మెతుకు లేదు! నీ ఉద్యోగం సంగతి తర్వాత చెబుదువుగాని. ముందు నీకు క్యారేజీ కట్టినవాడెవడో వాడి ఫోన్ నంబరియ్యి."

దేశంలో ఎవరికీ తెలియకూడని చీఫ్ నంబరుని ప్రసన్నకుమార్ మారు మాట్లాడకుండా చెప్పేశాడు.