బట్టల మిషన్ అడుగున

ఆసిఫాబాద్‌లో వకీలు లక్ష్మీకాంతరావు ఇంటికి బట్టలుతికే మిషన్ వచ్చి అప్పటికి నాలుగు నెలలు. బదిలీ మీద హడావుడిగా ఊరు విడిచిన ఒక కోస్తా ఆఫీసరు దాన్ని అమ్మిపోయాడు. తెల్లటి గుండ్రని తొట్టి, మధ్యలో రెక్కల గుంజ, పైన బట్టలు పిండడానికి రెండు రబ్బరు కట్టెలు. పదిహేనేళ్లుగా ఆ ఇంటి బట్టలను వాగులో ఉతికిన భూమవ్వకు ఇప్పుడు మిగిలిన పని ఒకటే. మిషన్‌ను కడగడం, తుడవడం, మూత తెరిచి ఆరబెట్టడం.

శ్రావణమాసం. మూడు రోజులుగా ముసురు పట్టి వదలలేదు. పొద్దున్నే కరెంటు పోయింది. మధ్యాహ్నమే అయినా వంటింటి వెనక గదిలో దీపం పెట్టుకోవాల్సినంత చీకటి.

"గీ వాసన ఏందే భూమవ్వా?" అంది వకీలు భార్య దేవకి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. "ఉతికిన చీర కట్టుకుంటే కడుపుల తిప్పుతుంది. ఇయ్యాల అడుగుదాక విప్పి కడుగు."

"పిల్లకు జరం దిగుతలేదు దొరసానీ. పదకొండు దినాలాయె. ఒళ్లు పెనం లెక్క కాలుతుంది. జర గీ పూటకు ఇడిశిపెట్టుండ్రి."

"పరేషాన్ గాకు. నాలుగింటికి దొర జీపు ఆదిలాబాద్ పోతుంది. నీ పిల్లను దవాఖానల దింపమని చెప్పిన. అప్పటిదాక గా పని కానియ్యి."

ఆ మాట భూమవ్వకు ప్రాణం పోసింది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఏడేళ్ల బాలలక్ష్మి ఒక్కతే. పొరుగింటి బాలవ్వను పిల్ల దగ్గర కూర్చోబెట్టి వచ్చింది. నాలుగు ఎంత తొందరగా కొడితే అంత మంచిది.

రబ్బరు గొట్టం కిందికి వంచి మురికినీళ్లు వదిలింది. చింతపండు పెట్టి తొట్టి తోమింది. రబ్బరు కట్టెల సందుల్లో ఇరుక్కున్న నూలుపోగులు పుల్లతో తీసింది. అయినా వాసన పోలేదు. రోజుల తరబడి ఆరని తడి జుట్టు వాసన. అది అడుగునుంచి వస్తోంది.

రెండు చేతులతో రెక్కల గుంజను పైకి లాగింది. కింద ముంజేయి పట్టేంత బొక్క. అందులో బురదలా పేరుకున్న పీచు. గుప్పెడు తీసింది. మళ్లీ గుప్పెడు. తర్వాత చేతికి వెంట్రుకలు తగిలాయి. సన్నటివి, మెత్తటివి. లాగితే మూర పొడుగు వచ్చాయి... ఇంకా వస్తున్నాయి...

ఇంతలో అవి ఆమె చేతిని లోపలికి లాగాయి.

భూమవ్వ చెయ్యి బయటికి తీసేసింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. వదిలేసి పోదామా అనుకుంది. పని కాకపోతే జీపు లేదు. జీపు లేకపోతే పిల్ల లేదు. కళ్లు మూసుకుని మోచేతి దాకా లోపలికి పెట్టింది.

చల్లటి చిన్న చెయ్యి ఒకటి ఆమె రెండు వేళ్లను పట్టుకుంది.

"అవ్వా..."

గొంతు గొట్టంలోంచి వచ్చింది. నీళ్లలోంచి వచ్చినట్టు.

"అవ్వా... సలి పెడుతుందే... నన్ను తియ్యే..."

బాలలక్ష్మి గొంతు. పేగు తెంచుకుని పుట్టిన పిల్ల గొంతు తల్లికి తెలియదా? కానీ పిల్ల ఇంట్లో ఉంది. మంచంలో ఉంది. బాలవ్వ పక్కన ఉంది. మరి ఇది...

కరెంటు లేదు. అయినా తొట్టి వణికింది. పట్టు బిగిసింది.

భూమవ్వ కేక పెట్టి చెయ్యి గుంజుకుంది. లోపల ఏదో జారి, చాలా లోతుకు పడిన చప్పుడైంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

వానలో పడి ఇంటికి ఉరికింది.

బాలవ్వ గడపలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "జరం దిగిందే భూమవ్వా! నిద్రల 'అవ్వా సలి, అవ్వా సలి' అని ఒకటే కలవరించింది. ఇంతల లేసి కూసుంది. సూడు!"

పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లు చల్లగా ఉంది. కళ్లలో నీరసం లేదు. భూమవ్వ ఏడుస్తూ దాన్ని గుండెలకు హత్తుకుంది.

"అమ్మా, ఎక్కడికెళ్లావు?" అంది పిల్ల. "ఆకలేస్తోంది. అన్నం పెట్టవా?"

భూమవ్వ చేతులు సడలాయి. ఆసిఫాబాద్ దాటి ఎరగని పిల్ల. పుట్టినప్పటినుంచీ ఆమెను 'అవ్వా' అని పిలవడమే తప్ప ఒక్కనాడూ 'అమ్మా' అన్న పిల్ల కాదు. ఆ మాటతీరు మిషన్ అమ్మిపోయిన ఆఫీసరు ఇంటివాళ్లదే తప్ప ఆ వాడలోనే ఎవరికీ లేదు.

"గదేం మాటనే?" అని బాలవ్వ నవ్వబోయి ఆగిపోయింది.

భూమవ్వ వెనక్కి ఉరికింది. వకీలు ఇంటి ముందు జీపు హారన్ కొడుతోంది. దేవకి వాకిట్లో నిలబడి, "వాసన మొత్తం పోయిందే! మంచిగ కడిగినవ్. పిల్లేది?" అంటోంది. భూమవ్వ ఆగలేదు. వెనక గదిలోకి పోయి తొట్టిలోకి వంగి, చంక దాకా చెయ్యి దించింది. వట్టి ఇనుము. గొట్టానికి నోరు ఆనించింది.

"బిడ్డా... ఇడిశిపెట్టినందుకు కోపం జెయ్యకు... మల్ల పట్టుకో... ఒక్కసారి పట్టుకో బిడ్డా..."

ఎంతసేపు పిలిచిందో తెలియదు. గొంతు పోయింది. మోచేతులు గీరుకుపోయి రక్తం కారింది.

"అక్కడ ఎవరూ లేరమ్మా," అని వెనకనుంచి వినిపించింది. "మూత వేసెయ్."

గుమ్మంలో పిల్ల నిలబడి ఉంది. ఒంటరిగా, వట్టికాళ్లతో, ఆ దూరమంతా నడిచి వచ్చింది. బయట వాన ఇంకా దంచి కొడుతూనే ఉంది. పిల్ల జుట్టు మీద, గౌను మీద, పాదాల మీద ఒక్క చుక్క తడి లేదు.