గ్లూకోజు నీళ్ల పరీక్ష

"పోయినసారి రక్తం ఇచ్చే ముందు ఏం చేశారు?" అని అడిగింది లాబ్‌లో పిల్ల. బ్యాడ్జి మీద ట్రీసా అని ఉంది.

"పడవ పందెం ప్రాక్టీసు. రెండు గంటలు తెడ్డు వేసి, అట్నుంచి అటే వచ్చా," అన్నాడు సిబి.

"బాగుంది. గ్రోత్ హార్మోను ఒళ్లు అలిసినా ఎక్కుతుంది, నిద్రలోనూ ఎక్కుతుంది. ఆ ఒక్క అంకె చూసి ఏడ్చిందెవరు?"

"మా అమ్మ. ఇంకా ఏడుస్తూనే ఉంది."

పక్కనే ఉన్న ఏలికుట్టి కళ్లు తుడుచుకుంది. వాళ్ల నాన్న ఇచ్చిన పాత ఉంగరం కొడుకు వేలికి ఎక్కని రోజు నుంచీ ఆమెకి అన్నం సయించడం లేదు. తలలో గడ్డ ఉంటే చేతులూ కాళ్లూ పెరుగుతాయని ఎవరో అన్నారు మరి.

"ఇంకో కాగితం కూడా ఉందమ్మా. దాంట్లోనూ ఎక్కువే," అంది.

"అది ఐజీఎఫ్, అమ్మచ్చీ, గ్రోత్ హార్మోను వల్ల ఒంట్లో తయారయ్యేది. హార్మోనులా గంటకోలా మారదు. అది కాస్త పైనుంది కాబట్టే డాక్టర్ గారు ఈ పరీక్ష రాశారు. గ్లూకోజు నీళ్లు తాగాక హార్మోను పడిపోవాలి."

"పడిపోకపోతే?"

"తల స్కాన్ తీస్తారు. ఇప్పటికైతే కూర్చోండి."

సిబి గ్లాసు ఎత్తి మొహం చిట్లించాడు. "ఈ పాయసంలో బియ్యం వేయడం మర్చిపోయారు."

"కబుర్లు తర్వాత. చెయ్యి కదపకండి."

అరగంటకో గొట్టం రక్తం. మొదటిసారి ఇద్దరూ తిట్టుకున్నారు. రెండోసారి ఆ పిల్ల నవ్వింది. మూడోసారికి ఏలికుట్టి వరండాలో జపమాల తిప్పుతోంది. అద్దాల తలుపులోంచి చూస్తే ఇద్దరూ గుసగుసలు. ఆమె జపమాల ఇంకా జోరుగా తిప్పింది. గడ్డ ఉన్నట్టు కనిపెట్టేసి, పాపం, వాడికి ధైర్యం చెబుతోంది కాబోలు.

సాయంత్రం నాలుగింటికి ట్రీసా కాగితం తెచ్చింది.

"డాక్టర్ గారు చూశారు. హార్మోను చక్కగా దిగింది. గడ్డ అనుమానం లేదన్నారు. ఆర్నెల్లకి ఐజీఎఫ్ మళ్లీ చూద్దామన్నారు, అంతే."

ఏలికుట్టి ఆ కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూసింది. తర్వాత ఆ పిల్లని చూసింది. కొడుకు ఎటు చూస్తున్నాడో కూడా చూసింది.

"మీ ఇల్లు ఏ చర్చి కిందికి వస్తుందమ్మా?"

వాళ్ల వైపు పెళ్లికెదిగిన కొడుకున్న తల్లి ఆ ప్రశ్న ఊరికే అడగదు. సిబి చెవులు ఎర్రబడ్డాయి.

"మూడో గొట్టం తీసేటప్పుడు మీ అబ్బాయీ ఇదే అడిగారు," అంది ట్రీసా. "'మీ అమ్మగారు అడిగితే చెబుతా' అన్నాను."

"అప్పటికి రిజల్టు రాలేదుగా," అంది ఏలికుట్టి.

"రాలేదు."

"గడ్డ ఉందని తేలి ఉంటే?"

"అప్పుడు అడిగినా చెప్పేదాన్నే, అమ్మచ్చీ. చంపకుళం చర్చి."

ఏలికుట్టి ఇంకేదైనా భయం దొరుకుతుందేమోనని కాసేపు వెతుక్కుంది. ఆ పూటకి ఏదీ దొరకలేదు. ఫోన్ తీసి భర్తకి చేసింది.

"ఆదివారం పూజకి చంపకుళం వెళ్తున్నాం, మంచి చొక్కా తీసి పెట్టుకో. లేదయ్యా, వాడు బాగానే ఉన్నాడు. ఏడుస్తున్నానా? ఏమో, ఆపడం రావట్లేదు."