బూడిద బావి

ఇనుము ఫ్యాక్టరీ వెనకాలున్న బూడిద బావి మంచిది కాదు. పొద్దు మునిగినాక అది మనుషుల్ని పేరు పెట్టి పిలుస్తుంది. ఈ సంగతి ఏడాదిగా మా ఊళ్లో అందరికీ తెలుసు. సర్పంచి అప్పుడే జీపు కొన్నాడు... భయంతో కాదంట, మోకాళ్ల నొప్పితోనంట. మేనేజరుకు మాత్రం తెలియదు. ఆయన రాత్రిళ్లు హిందూపురంలో పడుకుంటాడు.

ఒకప్పుడు అది కదిరప్ప వాళ్ల నాయన తవ్వించిన బావి. వరసగా నాలుగేండ్లు వాన మొహం చాటేస్తే, చెనక్కాయ చేనుతోపాటు బావినీ ఫ్యాక్టరీకి అమ్ముకున్నారు. బదులుగా కదిరప్పకు పని ఇచ్చినారు. ఏం పని? కొలిమి బూడిదను తన బావిలోకే తోసే పని. కదిరప్ప దాన్ని ఉద్యోగం అనేవాడు. మేమెందుకు కాదంటాం?

మొన్న ఎండాకాలం కదిరప్ప తన చెల్లెలు చెన్నమ్మ మొగుడు ఈరప్పను కూడా ఆ పనిలోనే చేర్పించినాడు. చెన్నమ్మ ఏడు నెలల కడుపుతో ఉంది.

"అన్నా, ఆయన్ను ఒంటిగా వదిలి రావద్దు," అని రోజూ చెప్పి పంపేది.

ఆ రాత్రి పది గంటలకు షిఫ్టు దిగినాక కాంట్రాక్టరు ఈరప్పను ఆపినాడు. ఇంకొక్క బండి బూడిద తోసి పొమ్మన్నాడు. కదిరప్ప గేటు దగ్గర బీడీ ముట్టించి నిలబడినాడు. గాలి లేదు. కొలిమి రొద ఒకటే...

"కదిరప్ప బావా..."

బావి వైపు నుంచే. సన్నగా.

కదిరప్ప నోటిదాకా వచ్చిన మాట మింగేసినాడు. రాత్రిపూట ఎవరు పిలిచినా మూడో పిలుపు దాకా పలకకూడదు — దెయ్యం రెండుసార్లకు మించి పిలవదు. మా దగ్గర బిడ్డలకు బడికంటే ముందు నేర్పే చదువు ఇది.

"బావా..."

రెండు. గొంతు ఈరప్పదే. దెయ్యానికి వరస కూడా తెలుసే అనుకున్నాడు కదిరప్ప. చెవులు రిక్కించి మూడో పిలుపు కోసం కాచుకున్నాడు...

బీడీ వేళ్లు కాల్చింది. మూడోది రాలేదు.

బతికిపోయినాను అనుకున్నాడు.

అరగంటయింది. ఈరప్ప రాలేదు. గేటు కాపలా మద్దిలేటిని వెంటబెట్టుకొని, బ్యాటరీ లైటుతో బావి దగ్గరికి పోయినాడు.

గట్టు మీద బండి బోర్లా పడి ఉంది. లోపల బూడిద పైకి చల్లగా, గట్టి నేల మాదిరే కనిపిస్తాంది. నడుమ ఒకచోట మాత్రం మనిషి పట్టేంత బొక్క. దాని అడుగున ఎర్రగా నిప్పు...

కదిరప్ప అక్కడే కూలబడినాడు.

"రెండు తూర్లే పిల్చినాడప్పా. ఇంకొక్క తూరి పిల్చింటే పోయేవాణ్ని గదా."

మద్దిలేటి లైటు ఆర్పేసినాడు.

"పిల్చలేడు. ఆ పాటికి నోట్లోకి బూడిద పోతాది."

"నీకెట్ల తెలుసు?"

మద్దిలేటి చీకట్లోనే వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"పోయినేడు ఒక ఒడిశా కూలి సొంతూరికి పోయినాడని చెప్పినారు గదా..." అన్నాడు మద్దిలేటి. "నన్ను గూడా రెండు తూర్లే పిల్చినాడు."