సున్నం కొట్టిన ఫోటో

"ఈమె ఎవలు?"

ఫోటోను నా బల్ల మీద కొట్టి మరీ అడిగింది. సిరాబుడ్డి ఎగిరిపడింది.

తల ఎత్తి చూశాను. ఎదురుగా మిషన్ బడి టీచరు కృపామణి. ఫోటోలో ఉన్నదీ కృపామణే. మూడు వారాల క్రితం నా చేతులతో నేనే తీశాను.

"మీరే కదా, టీచరమ్మా."

"నేనా? జర సక్కగ చూసి చెప్పు!"

నాకు ఒళ్ళు మండింది. నేను యెషయాను. అమీర్‌పేటలో ఫోటో స్టూడియో అంటే నాదే. అది యుద్ధం మూలంగా ఫోటోల గాజు ప్లేట్లు దొరకక ఏడుస్తున్న వానాకాలం. ఉన్న నాలుగింటిలో ఒకటి ఈమె కోసం వాడితే, వచ్చి బల్ల గుద్దుతుందా!

"ఫోటోకు ఏం రోగం? మస్తుగ వచ్చింది."

"గదే రోగం. నిన్న బొల్లారం నుంచి నన్ను చూసుకోనీకి వచ్చిన్రు. పిల్లగాని తల్లి ఈ ఫోటోను నా చెంప పక్కన పట్టుకొని, అందరి ముందట, 'ఫోటోల ఉన్న పిల్ల ఏది? ఈమెనెందుకు కూసోబెట్టిన్రు?' అని అడిగింది. మేము మోసగాళ్ళమట. చాయ తాగి, బిస్కిట్లు తిని, గా మాట అని పోయిన్రు."

బిస్కిట్లు తిని మరీ తిట్టిపోతారా! నా కోపం ఒక్కసారిగా బొల్లారం వైపు తిరిగింది.

"వాళ్ళ అడ్రసు చెప్పుర్రి. నేను పోయి అడుగుత."

"ఏమని అడుగుతవ్? మోసం చేసింది నువ్వు."

నిజమే. నెగెటివ్ గాజు మీద సన్నటి పెన్సిల్‌తో గీస్తే, ప్రింటులో అక్కడ తెల్లగా వస్తుంది. పెళ్ళి ఫోటోలకు అందరం చేసే పనే. రెండు గంటలు కూర్చుని, నల్లగా నిగనిగలాడే ఆమె చెంపల్ని తెల్లగా మార్చాను. గడ్డం మీది మచ్చను మాయం చేశాను.

చేయమన్నది వాళ్ళ నాయిన, జీవానందం మేస్త్రీ. "బిడ్డకు తెల్వనియ్యకు కొడుకా" అంటూ నా చేయి పట్టుకున్నాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తండ్రీబిడ్డల మధ్య తగవు పెట్టడం ఇష్టం లేక మింగేశాను.

ఈలోగా ఆమె చూపు నా గోడల మీద పడింది. ఆదివారం ఆరాధన కాగానే సైకిల్‌కు కెమెరా కట్టుకుని తిరగడం నా పిచ్చి. యూసుఫ్‌గూడ దారిలో బీటలువారిన రాతి కమాను, పంజాగుట్టలో బండలు కొట్టే ఆడవాళ్ళ చేతులు, ఎర్రగడ్డలో కూరగాయలమ్మే పళ్ళు లేని ముసలమ్మ నవ్వు, అన్నీ ఆ గోడ మీద ఉన్నాయి.

"ఈ కమానుకు బీట ఉన్నది. ఎందుకు మాయం చెయ్యలే?"

"బీట ఉంటెనే అది గా కమాను."

"గీ అవ్వకు పండ్లెందుకు పెట్టలే?"

ఆమె వేలు ముసలమ్మ ఫోటో మీంచి తన చెంప మీదికి తిరిగింది.

"కమానుకున్న ఇజ్జత్ నా ముఖానికి లేదా?"

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ బీట మీద ఎండ పడాలని మూడు ఆదివారాలు కాపు కాసిన వాణ్ణి. ఎదురుగా కూర్చున్న మనిషిని మాత్రం ఉన్నది ఉన్నట్టు చూడలేకపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మీ ముఖం యాడికి పోలేదు," అన్నాను మెల్లగా. "గాజు మీదనే ఉన్నది, పెన్సిల్ కింద. టర్పెంటైన్‌తో తుడిస్తే వస్తది."

"తుడువు. నా ముందటనే."

తుడిచాను. ప్రింటుకు ఎండ కావాలి. గాజునూ కాగితాన్నీ ఫ్రేములో బిగించి వాకిట్లో పెట్టానో లేదో, జల్లు మొదలైంది.

"రేపు రాండ్రి."

"ఎండ వచ్చినంకనే పోత." స్టూలు లాక్కుని కూర్చుంది.

వాన గంటసేపు కురిసింది. ఊరుకోలేక అడిగాను. "గా మచ్చ ఎట్ల పడ్డది?"

"చిన్నప్పుడు నాయినకు సద్ది తీస్కపోతుంటే పంజాగుట్ట బండల మీదికెల్లి పడ్డ. రక్తం కారింది గని సద్ది పారబొయ్యలే."

"గంత మంచి మచ్చను మాయం చేసిన్నా!"

"ఇప్పుడొచ్చిందా తెలివి?"

నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. నేను చూడనే చూశాను. ఆ వాన ఇంకాసేపు ఆగకపోతే బాగుండుననిపించింది. నన్ను తిట్టడానికి వచ్చిన మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది, దాచడమెందుకు?

చివరికి వచ్చిన ఎండలో ఫ్రేమును మళ్ళీ పెట్టాను. కాగితం మీద ఆమె కళ్ళు, నలుపు, మచ్చ ఒక్కొక్కటే తేలాయి. మందులో ముంచి, కడిగి ఆమె చేతిలో పెట్టాను. అప్పుడే గొడుగు పట్టుకుని, బిడ్డను వెతుక్కుంటూ జీవానందం మేస్త్రీ వచ్చాడు. ప్రింటు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గిది నా బిడ్డ," అన్నాడు. "ముఖానికి సున్నం కొట్టుమన్నది నేనే, కృపా. ఈ పిలగాన్ని ఏమనకు."

ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. చల్లారిందనుకున్న కోపం మళ్ళీ భగ్గుమంది.

"నా ముఖం గురించి మీరిద్దరు మాట్లాడుకున్నరు. నన్నెవలు అడగలే?"

"తప్పే బిడ్డా," అన్నాడు మేస్త్రీ.

"నాది సుత తప్పే," అన్నాను నేను. "అందుకే ఇప్పుడు మీ నాయినను అడుగుతలేను, మిమ్ములనే అడుగుతున్న. నాకు మీరంటే ఇష్టం. ఈ ముఖం, ఈ మచ్చ, ఈ కోపం సుత. నన్ను పెండ్లి చేసుకుంటరా?"

మేస్త్రీ చేతిలోని గొడుగు కిందపడింది.

కృపామణి తొణకలేదు. "ముందుగాల నీ ఫోటో ఇయ్యి. మేము చూసుకోవద్దా? పెన్సిల్ పెట్టినవో, చూస్కో!"

మిగిలిన ప్లేట్లలో ఒకటి నా ముఖానికే పోయింది.

ఆ మరుసటి ఆదివారం ఆరాధన తరువాత వాళ్ళింట్లో కూర్చున్నాను. చుట్టాలంతా చుట్టూ చేరారు. నా ముందు చాయ, బిస్కిట్ల పళ్ళెం ఉన్నాయి. ముట్టుకునే ధైర్యం లేదు. కృపామణి లేచి వచ్చి, అందరి ముందూ నా ఫోటోను నా చెంప పక్కన పట్టుకుంది. చేటల్లాంటి చెవులు, మశూచి గుంటలు, వంకర పన్ను, అన్నీ ఒక్కొక్కటే సరిచూసింది. నాకు చెమటలు పట్టాయి.

"ఫోటోలున్నోడు, ఈడున్నోడు ఒక్కడే, నాయినా," అంది. "నాకు ఇష్టమే."

మేస్త్రీ కళ్ళు తుడుచుకుని నా తల మీద చేయి పెట్టాడు. ఆమె పళ్ళెం నా వైపు జరిపింది.

"ఇగ బిస్కిట్ తిను."