ముగ్గురు మేనమామలు

శవం హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంట్ లిఫ్టులో దొరికింది. డాక్టరు గుండెపోటన్నాడు. ఇంటెలిజెన్స్‌లో ఆ మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు.

మర్నాడే నరసరావుపేట లాడ్జిలో ఏజెంట్ శివాజీకి చీఫ్ నుంచి ఫోనొచ్చింది.

"నాగులు గుర్తున్నాడా?"

గుర్తు లేకపోవడమేమిటి? మాచర్ల కుర్రాడు. శివాజీ చేతికింద పని నేర్చుకుని, సరిహద్దు అవతల వేరే పేరుతో టీకొట్టు నడుపుతున్నాడు. సొంత తమ్ముడికి కూడా శివాజీ అంత జాగ్రత్తలు చెప్పి ఉండడు.

"వాడి అసలు పుట్టుక కోసం అవతలివాళ్ళు వెతుకుతున్నారు. మాచర్లవైపువాడని వాసన తగిలింది," అన్నాడు చీఫ్.

సంగతిది. ఇరుగుపొరుగు దేశాలు తమ జనన మరణాల రికార్డులు కలుపుకోవడానికి నాగార్జునసాగర్ దగ్గర విజయపురి సౌత్‌లో సమావేశమవుతున్నాయి. మంచి పనే. పరాయి దేశానికి కూలికి పోయి అక్కడే కన్నుమూసినవాడు ఇక్కడి లెక్కల్లో ఏళ్ళ తరబడి బతికే ఉంటున్నాడు, భార్యకు పింఛను రావడం లేదు. ఇక అక్కడ నమోదైతే ఇక్కడా తెలుస్తుంది. ట్రయల్‌కి పల్నాడు జిల్లాను ఎంచుకున్నారు. కానీ ఆ సిస్టమ్ తెరిచే డిజిటల్ కీ శత్రువు చేతిలో పడితే ఈ జిల్లాలో పుట్టిన ప్రతివాడూ ఫోటోతో, వేలిముద్రతో వాళ్ళ స్క్రీన్ మీదికొస్తాడు. టీ గ్లాసు మీది ముద్రతో పోల్చి చూసుకుంటే నాగులు పనైపోయినట్టే.

కీ అందుకునేది ఇద్దరు. పొరుగు దేశపు ప్రతినిధి ఫరా, మన తరఫు కోఆర్డినేటర్ రుచిత.

"ఒకరు వాళ్ళ ఏజెంట్. ఇంకొకరు వాళ్ళ జీతం తీసుకుంటూ మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. ఎవరు ఎవరో తెలిసిన ఒకే ఒక్కడు లిఫ్టులో పోయాడు. తప్పు మనిషిని పట్టుకున్నావో, ఆవిడా పోతుంది, నాగులూ పోతాడు."

"రుచిత కాగితాలు?"

"శుభ్రంగా ఉన్నాయి. శావల్యాపురంలో పుట్టింది."

అంత శుభ్రంగా ఉన్నాయంటేనే శివాజీకి అనుమానం. ఈ ఉద్యోగంలో చేరాక పాలవాణ్ణి కూడా నమ్మడం మానేశాడు. దొరికితే ఏమని చెప్పాలని అడిగాడు.

"తాలు దొరికిందను." మిరపకల్లాల్లో పాడైన కాయని అలాగే అంటారు.

మర్నాడు గురజాలలో ఆఫీసులు చూసి సాగర్‌కి బయల్దేరిన ఇన్నోవాకి శివాజీయే డ్రైవర్. ఖాకీ చొక్కా, చెవిలో అత్తరు దూది. దూదికింద ఇయర్‌పీస్, కాలర్ బొత్తంలో మైకు.

వెనక సీట్లో ఫరా కూర్చుంది. సినిమా తారలా ఉంది. నల్లకళ్ళద్దాలు తియ్యదు, ఫోను దించదు. మాచర్ల దాటుతుంటే ఈ మాచర్లలో ఏటా ఎంతమంది పుడతారని ఇంగ్లీషులో ఆరా తీసింది. శివాజీ ఉలిక్కిపడి అద్దంలోకి చూశాడు. అడగాల్సిన ఊరు సరిగ్గా అదేనా? తాలు ఇదేనని ముప్పాతికవంతు తేల్చేసుకున్నాడు.

ఫరా పక్కన రుచిత జారిపడిన పల్లీ ఒకటి ఏరుకుంది. పల్లీలు ఒలుచుకుంటూ, దారిపొడుగునా పత్తి రేటు గురించి తిడుతూనే ఉంది. మాటలో ఎక్కడా వంకలేదు. అయినా ఆ మిగిలిన పావువంతు కోసం, డ్రైవర్లందరూ అడిగేదే అడిగాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"శావల్యాపురం అన్నా. ఆణ్ణే పుట్టా. మా అమ్మకి తొలి కాన్పు నేనే. మా నాయనమ్మే పురుడు పోసింది."

"అమ్మగారి పుట్టిల్లు?"

"గురజాల. ముగ్గురు మేనమామలు. నేనంటే చానా ఇష్టం."

శివాజీ గేరు మార్చాడు. మనసులో ఏదో గుచ్చుకుంది. తన పెద్దకూతురు పుట్టినప్పుడు భార్యని ఏడోనెలలోనే ఆవిడ అన్నదమ్ములు కారెక్కించుకుపోయారు. ఈ నేల మీద తొలి కాన్పు పుట్టింటివాళ్ళ హక్కు. ముగ్గురు అన్నదమ్ములుండగా పిల్ల అత్తారింట్లో పురుడు పోసుకుంటే ఆ పంచాయితీ పాతికేళ్ళయినా తెగదు.

"మరి మీ మేనమామలు ఊరుకున్నారా అమ్మా?"

రుచిత పల్లీ ఒలవడం ఆపింది.

"దేనికి అన్నా?"

తెలియక అడిగింది. నిజంగానే తెలియదు. ఆ పిల్ల కథ అల్లినవాళ్ళు యాసా పంటా ధరలూ అన్నీ నేర్పి, కాన్పు మాత్రం అత్తారింట్లో పెట్టేశారు.

ఘాట్‌లో సిగ్నల్ లేదు. సమావేశం జరిగే గెస్ట్‌హౌస్‌కి చేరేసరికి సభ మొదలైపోయింది. ఆడవాళ్ళిద్దరూ నేరుగా వేదికెక్కారు. శివాజీ కాలర్ దగ్గర గొణిగాడు.

"తాలు దొరికింది సార్. మన ఊరి పిల్లే."

"రుజువేంది?"

"తొలి కాన్పు అత్తారింట్లో అయిందంట. ముగ్గురు మేనమామలుండగా."

చీఫ్‌దీ ఈ నేలే, పిడుగురాళ్ళ.

"పట్టుకో," అన్నాడు.

వేదిక మీద అధికారి చిరునవ్వుతో కీ అందిస్తున్నాడు. రుచిత వేళ్ళు దాన్ని తాకాయి. శివాజీ ఒక్క దూకులో వెళ్ళి తన చెయ్యి అడ్డం పెట్టాడు. రుచిత కళ్ళు మారిపోయాయి. బ్యాగులోంచి తీసిన పెన్ను కొస అతని మెడవైపు లేచింది, అంతలోనే ఆ మణికట్టుని ఎవరో వెనక్కి విరిచేశారు.

ఫరా. కళ్ళద్దాలు కిందపడ్డాయి.

"మాచర్ల పేరెత్తితే ఎవరైనా ఉలిక్కిపడతారేమోనని చూశాను," అంది ఇంగ్లీషులో. "మీరిద్దరూ ఉలిక్కిపడ్డారు. నిన్ను కూడా అనుమానించాను."

ఆ సాయంత్రం అవతలి దేశంలో నాగులు ఎప్పటిలాగే టీ కాచాడు. ఆ కబురు విన్నాకే శివాజీకి అన్నం సయించింది. కాసేపటికి చీఫ్ ఫోన్ చేశాడు.

"ఢిల్లీవాళ్ళు రివార్డు ఇస్తారంట. సమాచారం ఎవరిచ్చారని అడుగుతున్నారు."

"ఆ ముగ్గురు మేనమామలే సార్."

"పేర్లు చెప్పు, రాసుకుంటా."

"వాళ్ళింకా పుట్టలేదు సార్," అన్నాడు శివాజీ.