నాగులమ్మ పేరుకు తెరుచుకునే పేజీ

2002. గూడూరు జంక్షన్ ఓవర్‌బ్రిడ్జి మీద ఒక మనిషి కత్తిపోటుకు కూలిపోయాడు. పర్సు, వాచీ అలాగే ఉన్నాయి. అరచేతిలో మాత్రం బాల్‌పెన్నుతో రాసుకున్న వెబ్ అడ్రస్ ఉంది.

"పోయినోడు మన కబుర్లు మోసే కొరియరప్పా, ధనంజయా," అన్నాడు నిఘా విభాగం చీఫ్ మునిరామయ్య, చిత్తూరు గెస్ట్‌హౌస్‌లో తలుపు మూసి. "ఆ అడ్రస్ తిరుపతిలో ఒక లాడ్జిది. గదులు బుక్ చేసే సైటు. మనోళ్లు పేజీ వెనకుండే కోడంతా తిరగేసినారు. రేట్లు తప్ప ఏమీ కనబడలా."

"మరి?"

"అది డైనమిక్ పేజీ. అడిగినోణ్ని బట్టి సర్వర్ అప్పటికప్పుడు తయారుచేస్తాది. ప్రోగ్రాం సర్వర్ దాటి బయటికి రాదు. సైటు చేసింది ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. సర్వరూ ఆడనే ఉండాది. వెనక విదేశీ ముఠా. పోయి ఆ ప్రోగ్రాం రాసే భాష, పీహెచ్‌పీ నేర్చుకో."

కళ్లు మూసుకుని పిస్టల్ విప్పి బిగించగల ఏజెంట్ ధనంజయ, కీబోర్డు మీద పీహెచ్‌పీకి కావలసిన డాలర్ గుర్తు కోసం వెతుక్కుంటూ తిరుపతిలో కొత్త జీవితం మొదలుపెట్టాడు. పేరు ఏకాంబరం. పలమనేరు డెయిరీలో గుమాస్తా. చొక్కా గుండీలో కెమెరా.

పాఠం చెప్పేది రూపశ్రీ. ఖరీదైన చీరలు, నల్లకళ్లద్దాలు, ఇన్‌స్టిట్యూట్ జీతానికి అందని సెల్‌ఫోన్. ఓనర్ నరేంద్ర పిలిచినప్పుడల్లా అద్దాల కేబిన్‌లోకి వెళ్లి తలుపు వేసుకునేది. ధనంజయ పాఠం కన్నా ముందు ఆమెను చదవడం మొదలుపెట్టాడు.

"బ్రౌజర్ అడుగుతాది. సర్వర్ ఆలోచిస్తాది. మనకొచ్చేది జవాబు మాత్రమే, ఆలోచన రాదు," అని చెప్పి, ఒకరోజు ఆమె బోర్డు మీద ‘ఇదైతే అది చెయ్యి’ అనే ఇఫ్ కండిషన్ రాసింది. "ఎవరు ఏ పేరు కొట్టినా ‘వెల్‌కమ్’ రావాల. నాగులమ్మ అని కొడితే మాత్రం వేరే మాట రావాల. చేసి చూపించండి, ఏకాంబరం సార్."

నరేంద్ర గుమ్మంలోకి రాగానే ఆ పేరును డస్టర్‌తో తుడిచేసింది.

ధనంజయ ఆ పేరు గుర్తుపెట్టుకున్నాడు. ఎవరు ఏం అడిగినా సర్వర్ రాసుకునే చిట్టాలో, అంటే లాగ్‌లో పడుతుందని అంతకుముందు చెప్పింది కూడా ఆమే. ఇది ఎరా?

మర్నాడు గుండు చేయించుకున్నాడు. తిరుపతిలో అంతకు మించిన మారువేషం లేదు. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, లాడ్జి పేజీలో పేరు అడిగే చోట నాగులమ్మ అని కొట్టాడు.

రేట్ల కింద కొత్త లైను వచ్చింది: డాక్టర్ పంకజాక్షి, గది 214, శుక్రవారం మధ్యాహ్నం.

పంకజాక్షి రాకెట్ ఇంధనం మీద పనిచేసే శాస్త్రవేత్త. దర్శనానికి వస్తున్నట్టు ఆఫీసులో కూడా చెప్పలేదు. ఆమెను ఎక్కడ చంపాలో ఈ పేజీ హంతకుడికి చెబుతోంది.

"ఆమెను వేరే గదికి మారిస్తే చాలదా సార్?" అని చీఫ్‌ను ఫోన్లో అడిగాడు.

"చాలదు. ఆమెను కదిలిస్తే లాడ్జిలో ముఠా మనుషులు పసిగడతారు, హంతకుడు పారిపోతాడు. వాడి మొహం ఎవరికీ తెలీదు. 309లో మనోళ్లుంటారు. వాడు ఆ గదికే రావాల. పేజీ మార్చు."

శుక్రవారం రూపశ్రీ నరేంద్రను టీకి తీసుకెళ్లింది. కేబిన్‌కు తాళం వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదు? ఆలోచించడానికి వ్యవధి లేదు. ధనంజయ లోపలికి దూరి సర్వర్‌లో ఆ పేజీ ఫైల్ తెరిచాడు. డేటాబేస్ నుంచి గది నంబరు తెచ్చే లైను తీసేసి, 309 చూపించే లైను రాశాడు. సేవ్ చేసి పేజీ తెరిచాడు.

తెల్లటి స్క్రీన్. పార్స్ ఎర్రర్, రాసినదాంట్లో ఏదో తప్పుంది.

హంతకుడు ఈ క్షణంలో పేజీ తెరిస్తే అంతా అయిపోయినట్టే. వెనక తలుపు కిర్రుమంది. రూపశ్రీ. చేతిలో పిస్టల్.

ధనంజయ చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది.

"లైను చివర సూడండి సార్," అందామె, గొంతు తగ్గించి. "సెమికోలన్ యాడ?"

పిస్టల్ తియ్యాలా, సెమికోలన్ పెట్టాలా? ఇన్నాళ్ల అనుమానమూ ఒకటే చెబుతోంది, వీపు చూపించొద్దని. అతను వీపు చూపించాడు. సెమికోలన్ కొట్టి, సేవ్ చేసి, పేజీ మళ్లీ తెరిచాడు. గది 309. మరుక్షణం లాగ్‌లో కొత్త లైను కదిలింది. ఊళ్లో ఎవరో నాగులమ్మ అని కొట్టారు.

వెనక పిస్టల్ పేలింది.

తనకేమీ కాలేదని తెలియడానికి ధనంజయకు కొంచెం సేపు పట్టింది. గుమ్మంలో నరేంద్ర భుజం పట్టుకుని కూలబడి ఉన్నాడు. అతని చేతిలోని తుపాకీ కుర్చీ కిందికి జారింది.

"నువ్వెవరు?"

"గూడూరులో పోయినాయన నా కొరియరు," అంది రూపశ్రీ. "వీళ్ల దగ్గర చేరి మీకు కబుర్లు పంపేదాన్ని. ఆయన పోయినంక ఎవరికి చెప్పాలో తెలీలా. ఫోన్లన్నీ నరేంద్ర వింటాడు. మీరు రోజూ గోడకు వీపానించి కూర్చుంటారే, గుమాస్తాలు అట్ల కూర్చోరు సార్. అందుకే బోర్డు మీద రాసినా."

దుప్పట్లు మార్చే పనివాడి వేషంలో 309 తలుపు తట్టిన హంతకుణ్ని పోలీసులు గదిలోకి లాగేసుకున్నారు. పై అంతస్తులో ఏం జరిగిందో తెలియని పంకజాక్షి అప్పటికి భోజనం చేసి నిద్రపోయింది.

సాయంత్రం ధనంజయ చీఫ్‌కు ఫోన్ చేశాడు. "లోపల మన మనిషి ఉండారని ముందే చెప్పకూడదా సార్?"

"ఎవరో నాకూ తెలీదప్పా. చచ్చిపోయినాయనకే తెలుసు. ఒకరుండారని మాత్రం తెలుసు."

"ఆ మాటన్నా చెప్పింటే బాగుండేది కదా?"

"చెప్పింటే, నువ్వు ఆమేనా కాదా అని ఆ పాప మొహం సూస్తా కూర్చునేవాడివి," అన్నాడు మునిరామయ్య. "అనుమానం ఉండబట్టే పాఠం విన్నావు."