బల్ల మీద ముగ్గురు

“ఒరే ధర్మా, ముగ్గురెక్కితే ఆ బల్లలు ఇరిగిపోవు కదా?”

ఇంకా ఎవరూ ఎక్కనేలేదు. అయినా నా నోరు ఊరుకోదు. సాలూరులో మా షెడ్డు పద్ధతి ఒకటుంది. కొత్త లారీకి బాడీ కట్టాక, కట్టినవాడే బల్లల మీద ఎక్కి గెంతి చూపించాలి. ఆ తర్వాతే బండి ఓనరుకి అప్పగిస్తారు. ఈ బాడీ నా కొడుకు ధర్మేంద్ర కట్టింది.

మా అన్నయ్య కూతురు శైలజ హైస్కూల్లో సైన్సు చెబుతుంది. గెంతుడు చూస్తానని వచ్చి, వెంట అదే స్కూలు వినోద్ మేస్టారిని కూడా తెచ్చింది. ఆ మేస్టారి తరఫువాళ్లు దాన్ని పెళ్లికి అడిగి ఉన్నారు. అవునో కాదో సాయంత్రానికల్లా చెప్పమన్నాడు అన్నయ్య. అది తెలిసిన దగ్గర్నుంచి మావాడికి అన్నం సహించడం లేదు.

మేస్టారు ముందెక్కి శైలజకి చెయ్యి అందించాడు. అది పట్టుకుంది. ధర్మ చేతిలో స్పానరు ఆగిపోయింది. ఆ తెల్లచొక్కా మీద కాస్త గ్రీజు పడితే బాగుణ్ణని నాకే అనిపించింది.

“గట్టిగా ఉందండీ. తమాషా ఏమిటంటే, ఈ బల్లలో పరమాణువులు చాలావరకు ఖాళీయే,” అన్నాడు మేస్టారు.

నేను అడ్డుపడ్డాను. “ఖాళీయా? లోడెత్తితే కూలిపోదా బాబూ?”

“నా బల్ల ఖాళీ అంటన్నారేటి మేస్టారూ? మద్ది సెక్క ఇది,” అంటూ ధర్మ ఒక్క ఊపున ఎక్కాడు.

శైలజ నవ్వు ఆపుకుంది. “కోపమేటి బావా, నీ కాల్లోనూ అంతే ఖాళీ. భూమి మనల్ని కిందకి లాగుతానే ఉంటాది. అయినా దిగబడం. పరమాణువులో ఎలక్ట్రాన్లకి గదుల్లాంటివి ఉంటాయి. గదికి రెండే. మూడోదానికి సోటు లేదు. అందుకే నీ కాల్లోవి బల్లలోకి దూరలేవు.”

“మూడోదానికి సోటు లేదా,” అన్నాడు ధర్మ.

గెంతకుండానే దిగిపోయాడు. బిగించిన నట్టునే మళ్లీ బిగించడం మొదలెట్టాడు.

వాన పట్టుకుంది. బస్సు టైమైందని మేస్టారు గొడుగు విప్పి వెళ్లాడు. శైలజ కదల్లేదు.

“నువ్వెళ్లవేటి? గొడుగులో ఇద్దరికి సోటున్నాది కదా,” అన్నాడు వీడు తలెత్తకుండా.

“కుళ్లేటి బావా?”

“కుళ్లే. మీరిద్దరూ సదువుకున్నోళ్లు, ఒకలాటోళ్లు. నాను మూడోణ్ణి. మావకి ఏటి సెప్తావో అదొక్కటి సెప్పీ.”

అది బల్ల అంచున కూర్చుని, కాళ్లూపుతూ, రేకుల మీద వాన వింటోంది. అది వీణ్ణి కాదంటే ఏ లారీ ఎక్కేసి ఏ ఊరు పోతాడో, ఘాట్ రోడ్డులో ఏమవుతాడో. దాని కోసం తెచ్చిన టీ నా చేతిలోనే చల్లారిపోయింది. వాన సన్నబడింది. వీడు ఆ నట్టు వదల్లేదు.

“సగమే ఇన్నావు బావా,” అంది చివరికి. “ఆ గదిలో ఉండే రెండూ ఒకలాంటివి కావు. ఒకటిటు తిరిగితే రెండోది అటు తిరగాల. ఒకేలా తిరిగేవి ఒక గదిలో ఇమడవు. నేనూ మేస్టారూ ఒకలాటోళ్లమని నువ్వే అన్నావు కదా. ఆ స్పానరు పక్కనెట్టి ఎక్కు. ఇద్దరం గెంతీసి, నాన్న దగ్గరికెళ్దాం.”